పేరు అదే, పదవి వేరు: అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుతున్న మన పెద్దల కోసం

"ఇక్కడ గవర్నర్‌ని ఎవరు వేస్తారమ్మాయ్, ప్రెసిడెంటేనా?" అని అడిగారు మా నాన్న.

పౌరసత్వ పరీక్ష ప్రశ్నలన్నీ ప్రింట్ తీసి ఆయన చేతిలో పెట్టి అప్పటికి రెండు రోజులైంది. రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరైన మనిషి. జమాబందీలు, ఎన్నికల డ్యూటీలు, కలెక్టరాఫీసు మీటింగులు, ప్రొటోకాల్ ఏర్పాట్లు అన్నీ చూశారు. ప్రభుత్వం ఎలా నడుస్తుందో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అలాంటాయన "మీ రాష్ట్ర గవర్నర్ ఎవరు?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. పేరు తెలియక కాదు. మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. టీవీలో ఇక్కడి గవర్నర్ తనకు తానే నిర్ణయాలు ప్రకటిస్తూ కనిపిస్తుంటే, "మరి ముఖ్యమంత్రి ఏం చేస్తున్నట్టు?" అన్నది ఆయన సందేహం.

ఆయనతో రోజూ ఒక గంట కూర్చున్నాక చిక్కు ఎక్కడుందో తెలిసింది. మన పెద్దవాళ్లకు ఇండియా ప్రభుత్వం బాగా తెలుసు. ప్రెసిడెంట్, గవర్నర్, స్పీకర్, సెక్రటరీ, కాంగ్రెస్, సుప్రీంకోర్టు, చివరికి కానిస్టేబుల్ కూడా వాళ్లకు కొత్త మాటలు కావు. మాట ఒకటే కాబట్టి పని కూడా ఒకటే అనుకుని చదువుతారు. జవాబులు బట్టీ అయితే వస్తాయి గానీ ఒకదానికొకటి అతకవు. అతకని జవాబు ఇంటర్వ్యూలో టెన్షన్ పడినప్పుడు ముందు జారిపోయేది. అందుకే ఈ వ్యాసాన్ని ఆ మాటల వెంటే నడిపిస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి. 2025 అక్టోబర్ 20న గానీ ఆ తరువాత గానీ ఎన్-400 (పౌరసత్వం కోరే ఫారం) దరఖాస్తు పెట్టినవాళ్లకు కొత్త పరీక్ష. మొత్తం 128 ప్రశ్నలు ముందే ప్రకటించారు. అందులోంచి ఆఫీసర్ 20 వరకు అడుగుతారు, 12కి సరైన జవాబు చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పు పోయినా ఆపేస్తారు. అంతకుముందు దరఖాస్తు చేసినవాళ్లకు పాత పద్ధతే: 100 ప్రశ్నలు, అడిగేది 10, రావలసింది 6. జవాబులు నోటితోనే చెప్పాలి. దీనితో పాటు ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, ఒక వాక్యం రాయడం ఉంటాయి. ఒక్కోదానికి మూడు అవకాశాలిస్తారు. గ్రీన్ కార్డు వచ్చి 20 ఏళ్లయి వయసు 50 దాటినవాళ్లకు, లేదా 15 ఏళ్లయి 55 దాటినవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష ఉండదు. దుబాసీని పెట్టుకుని ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 దాటి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంకా తేలిక: గుర్తు పెట్టిన 20 ప్రశ్నలు చదివితే చాలు, పదడుగుతారు, ఆరు రావాలి. తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు మరోసారి పిలుస్తారు, అదీ తప్పిన భాగానికే. ప్రశ్నలూ జవాబులూ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. వీటికోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు.

పరీక్ష కన్నా ముందు చూసుకోవలసిన లెక్క ఇంకొకటి ఉంది. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు కావాలి, అందులో కనీసం 30 నెలలు అమెరికా నేల మీద ఉండాలి. సంక్రాంతికని ఊరెళ్లి, ఎండాకాలం మామిడిపళ్ల దాకా ఉండి, అట్నుంచి ఒక పెళ్లి కూడా చూసుకుని తిరిగొచ్చే పెద్దవాళ్లు మనలో చాలామంది. ఒక ప్రయాణం ఆరు నెలలు దాటిందంటే నివాసం తెగిందేమోనన్న ప్రశ్న వస్తుంది. ఏడాది దాటితే తెగినట్టే. మా నాన్న విషయంలో ఈ లెక్కే ఎక్కువ భయపెట్టింది. పాస్‌పోర్టు ముద్రలన్నీ ముందేసుకుని ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాం.

ఇక గవర్నర్ దగ్గరికి వద్దాం. నాన్న తరం వాళ్లకు గవర్నర్ అనగానే 1984 ఆగస్టు గుర్తొస్తుంది. గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి జనం ఒత్తిడికి ఎన్టీఆర్‌ని మళ్లీ గద్దెనెక్కించక తప్పలేదు. గవర్నర్ అంటే కేంద్రం పంపిన మనిషి అన్న భావన మనలో అలా నాటుకుంది. అమెరికాలో గవర్నర్‌ని ఆ రాష్ట్ర ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. మన లెక్కలో ఆయనే ముఖ్యమంత్రి. వాషింగ్టన్‌లో ఎవరున్నా సరే, ఏ రాష్ట్ర గవర్నర్‌నీ తీసేసే అధికారం అమెరికా ప్రెసిడెంట్‌కి లేదు. 356వ అధికరణం లాంటిదే ఇక్కడ లేదు, రాష్ట్రపతి పాలన అన్న మాటే లేదు.

అక్కడితో ఆగదు. ఇండియాలో రాష్ట్రాలకు విడిగా రాజ్యాంగాలు లేవు. ఇక్కడ 50 రాష్ట్రాలకీ సొంత రాజ్యాంగాలున్నాయి. దేశ రాజ్యాంగం నాలుగు పెద్ద తోలు కాగితాల్లో ఇమిడిపోయింది. 1789 నుంచి అమలులో ఉంది, ఇప్పటికి 27 సవరణలే. 1876 నాటి టెక్సస్ రాజ్యాంగానికి మాత్రం 500కు పైగా సవరణలు జరిగాయి. రాష్ట్రాల పట్టు ఎంతటిదో తెలియాలంటే మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2014లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంటు ఆమోదించి తెలంగాణను ఏర్పాటు చేసింది. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం అది చెల్లుతుంది. ఎవరి వైపు న్యాయముందన్న చర్చ ఇక్కడ వద్దు. అధికారం ఎక్కడుందన్నదే చూడండి. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని చీల్చడం కుదరదు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863లో వెస్ట్ వర్జీనియా విడిపోయింది. అప్పుడు కూడా యూనియన్ (వాషింగ్టన్ ప్రభుత్వం) పక్షాన నిలిచినవాళ్లు వర్జీనియా పేరుతో ఒక ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకుని, దాని సమ్మతి చూపించుకోవలసి వచ్చింది.

ఇది పట్టుబడితే చాలా ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. రాష్ట్రాలకు మాత్రమే ఉన్న అధికారం ఒకటి చెప్పమంటే బడులు, పోలీసు, డ్రైవింగ్ లైసెన్సు, ఇళ్ల స్థలాల నియమాలు. కేంద్రానికి మాత్రమే ఉన్నది చెప్పమంటే నోట్లు అచ్చువేయడం, యుద్ధం ప్రకటించడం, సైన్యం, విదేశాలతో ఒప్పందాలు. కేంద్రానికి రాసివ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవి, ప్రజలవి అని 10వ సవరణ చెబుతుంది. మన రాజ్యాంగం ఇందుకు తిరగేసి ఉంటుంది: మిగిలిన అధికారాలన్నీ కేంద్రానివే.

తరువాతి మాట కాంగ్రెస్. తెలుగువాళ్ల చెవికి అది పార్టీ పేరు. "చట్టాలు ఎవరు చేస్తారు?" అన్న ప్రశ్నకు "కాంగ్రెస్" అని చెప్పించినప్పుడు "అధికారంలో ఎవరున్నా కాంగ్రెస్సేనా?" అని నాన్న నిజంగానే అడిగారు. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు. అందులో రెండు సభలు: ప్రతినిధుల సభ, సెనేట్.

ప్రతినిధుల సభను లోక్‌సభ అనుకుంటే కొంతవరకు సరిపోతుంది. 435 మంది, జనాభా లెక్కన రాష్ట్రాలకు సీట్లు, పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌ని మాత్రం రాజ్యసభ అనుకోకండి. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి 11 సీట్లు, తెలంగాణకి 7, ఉత్తరప్రదేశ్‌కి 31. సెనేట్‌లో దాదాపు నాలుగు కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకి ఇద్దరు, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కి కూడా ఇద్దరే. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడు చిన్న రాష్ట్రాలు దీని కోసమే పట్టుబట్టాయి. పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్క కావాలన్నాయి, చిన్నవి సమాన వాటా కావాలన్నాయి. చివరికి ఒక సభ ఇలా, ఒక సభ అలా అని రాజీ కుదిరింది. ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు ఎందుకన్న ప్రశ్న కూడా జాబితాలో ఉంది, జవాబు ఈ రాజీయే. సెనేటర్ల పదవీకాలం ఆరేళ్లు. మొదట్లో వాళ్లను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. 1913లో 17వ సవరణ వచ్చాక ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు.

బలంలోనూ తేడా ఉంది. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. సెనేట్ ఏ బిల్లునైనా పూర్తిగా ఆపేయగలదు. పైగా జడ్జీలు, మంత్రులు, రాయబారుల నియామకాలు సెనేట్ ఒప్పుకోనిదే జరగవు. విదేశీ ఒప్పందానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. మామూలు బిల్లు మీద చర్చ ముగించి ఓటింగ్‌కి తేవడానికి కూడా సాధారణంగా 60 మంది మద్దతు కావాల్సి వస్తుంది.

ఈ రెండు సభల సంగతి మనవాళ్లకు పుస్తకంలో పాఠం కాదు, ఇంట్లో కష్టం. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది. ఇండియాలో పుట్టినవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో నిలబడటానికి ముఖ్యమైన కారణం అదే. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 తేడాతో గెలిచింది. ఆ రోజు మా ఆఫీసులో తెలుగువాళ్లంతా ఒకళ్లకొకళ్లం మెసేజ్‌లు పెట్టుకున్నాం. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా ఆమోదించింది, కానీ కొన్ని మార్పులతో. రెండు సభలూ ఒకే పాఠాన్ని అక్షరం తేడా లేకుండా ఆమోదిస్తేనే అది ప్రెసిడెంట్ సంతకానికి వెళుతుంది. ఆ పొత్తు కుదిరేలోపు 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు చచ్చిపోయింది. "రెండు చోట్లా పాసైనా చట్టం కాలేదా?" అని నాన్న నమ్మలేకపోయారు. కాలేదు. ఇప్పటికీ ఆ 7 శాతం అలాగే ఉంది. ఏ ప్రెసిడెంటూ సంతకంతో దాన్ని మార్చలేడు, ఎందుకంటే అది కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది.

ప్రెసిడెంట్ విషయంలో మనవాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు రాష్ట్రపతితో పోలుస్తారు, అప్పుడు అధికారం మరీ తగ్గిపోతుంది. కొందరు ప్రధానమంత్రితో పోలుస్తారు. అదింకా పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం, ఎందుకంటే అది దగ్గరగా కనిపిస్తుంది. ప్రధాని సభలోంచి పుడతాడు. సభలో మెజారిటీ ఉన్నంతకాలమే ఉంటాడు, అవిశ్వాసం నెగ్గితే దిగిపోతాడు. అమెరికా ప్రెసిడెంట్‌కి సభతో ఆ బంధం లేదు. ఆయన పార్టీ రెండు సభల్లోనూ ఓడిపోయినా నాలుగేళ్లూ ఉంటాడు. ఆయన సభను రద్దు చేయలేడు, సభ ఆయన్ని అవిశ్వాసంతో దించలేదు. మధ్యంతర ఎన్నికలంటే మనకు ప్రభుత్వం పడిపోయి ముందుగా వచ్చిన ఎన్నికలు. ఇక్కడ మధ్యంతరం అంటే ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో, కచ్చితంగా రెండేళ్లకు వచ్చే ఎన్నికలు. ఆ రోజు ఎవరి కోసమూ మారదు: నవంబర్‌లో మొదటి సోమవారం తరువాతి మంగళవారం.

ప్రెసిడెంట్‌ని తొలగించే దారి ఒక్కటే, అభిశంసన. ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభియోగం మోపుతుంది, సెనేట్ విచారించి మూడింట రెండు వంతులతో తేల్చాలి. ఆండ్రూ జాన్సన్, బిల్ క్లింటన్ ఒక్కోసారి, డొనాల్డ్ ట్రంప్ రెండుసార్లు ప్రతినిధుల సభలో అభిశంసనకు గురయ్యారు. సెనేట్‌లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

మరి సభకూ ప్రెసిడెంట్‌కూ పొసగకపోతే? మన దగ్గర బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. ఇక్కడ ప్రభుత్వం పడదు, ఆగిపోతుంది. ఖర్చుకు డబ్బు మంజూరు చేసే అధికారం కాంగ్రెస్‌దే. అది సమయానికి మంజూరు చేయకపోతే ఆఫీసులు మూస్తారు, లక్షలమంది ఉద్యోగులు జీతం లేకుండా ఇంట్లో కూర్చుంటారు, లేదా జీతం లేకుండా పనిచేస్తారు. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు అలా ఆగింది. ట్రెజరీలో బిల్లు ఒక్క రోజు ఆలస్యమైతే ఎంత గొడవో తెలిసిన నాన్న ఆ వార్తలు చూస్తూ చాలా బాధపడ్డారు.

సెక్రటరీ అనగానే నాన్నకు ఐఏఎస్ అధికారి కనిపిస్తారు. ఇక్కడ సెక్రటరీ అంటే మంత్రి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే రాష్ట్ర కార్యదర్శి కాదు, విదేశాంగ మంత్రి. ఇంకో చిక్కు కూడా ఉంది: టెక్సస్‌లో రాష్ట్ర స్థాయిలోనూ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఉంటారు, ఎన్నికల నిర్వహణ ఆ కార్యాలయం చూస్తుంది. అటార్నీ జనరల్ మన దగ్గర ప్రభుత్వం తరఫు పెద్ద వకీలు, ఇక్కడ న్యాయశాఖకు అధిపతి. ఈ మంత్రులెవరూ కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. సభ్యుణ్ణి మంత్రిని చేయాలంటే ముందు సభకు రాజీనామా ఇవ్వాలి. స్పీకర్ కూడా వేరే. మన స్పీకర్ పార్టీలకు అతీతంగా ఉండాలంటాం. ఇక్కడి స్పీకర్ మెజారిటీ పార్టీకి బాహాటంగా నాయకుడు. పైగా ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ ఇద్దరూ లేకుండా పోతే దేశాధినేత అయ్యేది స్పీకరే. ఒక్క వైస్ ప్రెసిడెంట్ విషయంలో మాత్రం పోలిక కుదురుతుంది. మన ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షుడైనట్టే ఈయన సెనేట్‌కి అధ్యక్షుడు, ఓట్లు సమానమైనప్పుడే తన ఓటు వేస్తాడు.

ప్రెసిడెంట్ ఎన్నిక లెక్క పరీక్షలో చిన్నదే గానీ ఇంట్లో పెద్ద చర్చ. ఎలక్టోరల్ కాలేజీ అంటే కాలేజీ కాదు, ఓట్ల లెక్క. ఒక రాష్ట్రానికి ఎంతమంది ప్రతినిధులు, సెనేటర్లు ఉన్నారో అన్ని ఎలక్టోరల్ ఓట్లు. టెక్సస్‌కి 38 మంది ప్రతినిధులు, ఇద్దరు సెనేటర్లు, కాబట్టి 40. దేశం మొత్తం 435, 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 3, కలిపి 538. గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఓట్లన్నీ. అందుకే 2000లో, 2016లో దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఓడిపోయారు.

కాంగ్రెస్ చేసిన చట్టం ఒకటి, ప్రెసిడెంట్ కింది శాఖ పెట్టే నియమం ఒకటి. ఈ రెండింటి తేడా కూడా మన ఇళ్లలోనే కనిపిస్తుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యాభర్తల్లో కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో వచ్చింది. అది శాఖ పెట్టిన నియమం. నియమాన్ని తరువాత వచ్చిన ప్రభుత్వం మార్చుకోవచ్చు, కాబట్టి ప్రతి ఎన్నికకూ ఆ ఇళ్లలో టెన్షన్. ఆ నియమం మీద కోర్టులో కేసు వేస్తే ఏళ్లపాటు నడిచింది, 2024లో అప్పీల్ కోర్టు నియమం చెల్లుతుందని చెప్పింది. చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, చెల్లుతుందో లేదో చెప్పేవాళ్లు వేరువేరుగా ఎందుకున్నారంటే, ఏ ఒక్కరి చేతిలోనూ అధికారమంతా చేరకూడదని. ప్రభుత్వానికి మూడు శాఖలు ఎందుకని అడిగితే చెప్పవలసిన జవాబు ఇదే.

సుప్రీంకోర్టులో తొమ్మిది మంది. మన సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34 మంది వరకు ఉండవచ్చు, 65 ఏళ్లకు రిటైర్ అవుతారు. ఇక్కడ జడ్జీలకు రిటైర్మెంటు వయసు లేదు. ప్రెసిడెంట్ పేరు సూచిస్తే సెనేట్ ఖాయం చేస్తుంది. ఆ తరువాత జీవితాంతం ఉండవచ్చు, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా తీర్పు చెప్పాలని. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కొట్టేసే అధికారాన్ని ఈ కోర్టు 1803లో మార్బరీ కేసులో తానే స్థిరపరిచింది. మన కోర్టులు చట్టాలను కొట్టేస్తున్నప్పుడు వినిపించే ఆలోచనకు వేరు అక్కడుంది.

ఈ కోర్టుతో మన దేశస్థులకు చేదు జ్ఞాపకం ఒకటి ఉంది. ప్రతి తెలుగు కుటుంబమూ తెలుసుకోవాలని నేను కోరుకునేది అదే. 1790 నాటి చట్టం తెల్లవాళ్లకే పౌరసత్వమని చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్‌సింగ్ థిండ్ పౌరసత్వం కోరితే, సామాన్యులు అనుకునే అర్థంలో భారతీయుడు తెల్లవాడు కాడని 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. అప్పటికే పౌరులైన ఎంతోమంది భారతీయుల పౌరసత్వాలు రద్దు చేశారు. 1946లో కాంగ్రెస్ చట్టం మార్చింది: భారతీయులు పౌరులు కావచ్చు, ఏడాదికి వందమంది రావచ్చు. దేశాల వారీ ఆ పాత కోటాలు 1965లో పోయాయి. 1949లో పౌరసత్వం పొందిన దలీప్‌సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయ సంతతి వ్యక్తి ఆయనే. పౌరుడైన ఏడేళ్లకే! ఇక్కడ పుట్టినవాళ్లతో సమానంగా, పౌరసత్వం పొందినవాళ్లకూ 1868 నాటి 14వ సవరణ రక్షణ ఉంది. వాళ్లకు మూసి ఉన్న పదవులు ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ మాత్రమే.

సవరణల గురించి మరీ కంగారు పడొద్దు. మొదటి పదీ 1791లో కలిపి వచ్చిన హక్కుల పత్రం. మాట, మతం, పత్రికలు, సభలు, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం, ఈ ఐదూ మొదటి సవరణలోనివి. ఇవి పౌరులకే కాదు, ఈ నేల మీదున్న అందరికీ. 13 బానిసత్వాన్ని తీసేసింది, 15 జాతి కారణంగా ఓటు నిరాకరించవద్దంది, 19 ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది, అదీ 1920లో. 26 ఓటు వయసు 18 చేసింది. సవరణ జరగాలంటే రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. చివరిదైన 27వ సవరణను 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది. రాజ్యాంగం మొదటి మాటలు మాత్రం నాన్నకు నేర్పక్కర్లేకపోయింది. "భారత ప్రజలమైన మేము" అని మన పీఠిక ఎలా మొదలవుతుందో ఇదీ అలాగే "ప్రజలమైన మేము" అని మొదలవుతుంది. అధికారం ప్రజల నుంచి వస్తుందని దాని అర్థం అని చెబితే జవాబు అయిపోయినట్టే.

పరీక్ష ఇక్కడిదాకానే వస్తుంది. నా దృష్టిలో అసలైన ప్రభుత్వం దీని కిందే ఉంది. 2024 నవంబర్‌లో నేను ఓటు వేయడానికి ముందు శాంపిల్ బ్యాలట్ నాన్నకు చూపించాను. ప్రెసిడెంట్ దగ్గర మొదలై అది కిందికి పోతూనే ఉంది. "ఇక్కడ కలెక్టర్ ఎవరు?" అని మొదటి రోజు నుంచీ అడుగుతున్నారాయన. కలెక్టర్ లేరు. జిల్లా లాంటి కౌంటీలో పై నుంచి వేసిన అధికారి ఒక్కరు కూడా లేరు, ముఖ్యమైన పదవులన్నీ ఎన్నికైనవే. కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరిఫ్‌ని ఎన్నుకుంటాం. పన్నులు వసూలు చేసే అధికారిని ఎన్నుకుంటాం. టెక్సస్‌లో కౌంటీ పాలనకు పెద్ద పేరు కౌంటీ జడ్జి. ఆయన ముఖ్యంగా చేసే పని కౌంటీ బడ్జెట్, పరిపాలన. రాష్ట్రంలో పెద్ద కోర్టులు కూడా రెండు, సివిల్ కేసులకు ఒకటి, క్రిమినల్ కేసులకు ఒకటి. ఆ జడ్జీలకూ ఓట్లే. రైల్‌రోడ్ కమిషనర్ అన్న పదవి చూసి రైల్వే అనుకున్నారు నాన్న. దానికి రైళ్లతో ఇప్పుడు సంబంధం లేదు, చమురు, గ్యాస్ పరిశ్రమల నియంత్రణ దాని పని. ఇక కానిస్టేబుల్ పేరు బ్యాలట్‌లో చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. ఇక్కడ కానిస్టేబుల్ తన ప్రాంతానికి ఎన్నికైన అధికారి, కోర్టు నోటీసులు అందించడం ఆ కార్యాలయం పని.

ఒక్క హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు అవుతారా అని అడుగుతారు. కౌంటర్ దగ్గర ఇంగ్లీషు సరిగా వినపడక, ఏదడిగినా తలూపే పెద్దవాళ్లున్నారు. పౌరసత్వం రాకముందు పౌరులమని టిక్ పెట్టినా, ఓటు వేసినా నేరం. ఎన్-400లో ఈ ప్రశ్న అడుగుతారు, దరఖాస్తే పోవచ్చు. జ్యూరీకి రమ్మని ఉత్తరం వస్తే చింపేయకండి. పౌరులం కామని అందులో గుర్తు పెట్టి తిప్పి పంపండి. ఇంకొకటి: భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ప్రమాణం చేసిన రోజుతో భారత పౌరసత్వం పోతుంది, ఆ పాస్‌పోర్టుతో ఆ తరువాత ప్రయాణం చేయకూడదు. దాన్ని అప్పగించి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు దీన్ని ముందే ఆలోచించుకోండి. ఉన్న పొలం ఉంచుకోవచ్చు గానీ ఓసీఐ మీద కొత్తగా వ్యవసాయ భూమి కొనడం కుదరదు. నాన్న రెవెన్యూ మనిషి కాబట్టి ఇది నాకంటే ముందే ఆయనకు తెలుసు. తెలిసీ, రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే దరఖాస్తు మీద సంతకం పెట్టారు.

ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు. 128 ప్రశ్నలూ రెండుసార్లు అయిపోయాయి. ఇప్పుడు ఆయన అడిగేవి ఆ జాబితాలో లేవు. మొన్న మా ఇంటి పన్ను నోటీసు తెరిచి, అందులో ఎక్కువ వాటా స్కూలు డిస్ట్రిక్ట్‌కి పోతోందని చూసి, ఆ రేటు ఎవరు పెడతారని అడిగారు. ఎన్నికైన స్కూల్ బోర్డు పెడుతుందని, వాళ్ల మీటింగుకు పౌరులు కానివాళ్లు కూడా వెళ్లి కూర్చోవచ్చని చెప్పాను. ఎన్నిగంటలకు మొదలవుతుందో కనుక్కోమన్నారు.